చిన్న టార్చిలైటుకు తగిన లిథియం సెల్లు

ఈనాటి ప్రసంగం మన చేతిలో ఉండే చిన్న టార్చిలైటు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, అందులో వేసుకుని మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగల లిథియం సెల్లును ఎలా ఎంచుకోవాలన్న విషయం గురించి. ఇంత చిన్న వస్తువుకు ఒక ప్రసంగమా అని మీకు అనిపించవచ్చు. కాని రాత్రిపూట కరెంటు వచ్చే చోట, మోటారు వేయడానికి గట్టు మీద నడిచి వెళ్ళే రైతుకు అడుగు ముందు పాము ఉన్నదీ లేనిదీ చూపించేది ఆ దీపమే. హోసూరు ప్రాంతంలో రాగి చేలు కోతకు వచ్చే రోజుల్లో ఏనుగులకు భయపడుతూ కాపలా కాసేవారికి అదే తోడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఆ తరువాత చీకటి రాత్రులు గడిపిన బరంపురం, పర్లాకిమిడి వైపు శ్రోతలకు టార్చిలైటు విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

అటువంటి దీపం అవసరానికి వెలగాలి. అంతకన్నా ముఖ్యంగా, చేతిలో పేలకూడదు, జేబులో మండకూడదు. ఈ రెండూ మనం ఎంచుకునే సెల్లు మీద ఆధారపడి ఉంటాయి. మధ్యలో కొన్ని అంకెలు చెబుతాను. వీలైతే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందుగా టార్చిలైటులో వచ్చిన మార్పు చూద్దాం. పాత టార్చిలైటులో గాజు బల్బు ఉండేది. అందులో సన్నని తీగ కాలి వెలుగిచ్చేది. రెండు సెల్లులైతే ఒక రకం బల్బు, మూడు సెల్లులైతే మరొక రకం బల్బు అని దుకాణదారు అడిగి మరీ ఇచ్చేవాడు. రెండు సెల్లుల బల్బును మూడు సెల్లులకు పెడితే ఒక్కసారి తళుక్కుమని మాడిపోతుందని పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకోండి. ఈనాటి ప్రసంగానికి ఇదే ఆయువుపట్టు.

ఇప్పుడు గాజు బల్బు స్థానంలో ఎల్.ఇ.డి. వచ్చింది. తెల్లని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి. మామూలు పెన్సిల్ సెల్లు ఇచ్చేది ఒకటిన్నర వోల్టు. అందువల్ల ఒక్క పెన్సిల్ సెల్లుతో తెల్లని ఎల్.ఇ.డి. నేరుగా వెలగదు. వోల్టేజిని పెంచే చిన్న సర్క్యూటు ఒకటి టార్చిలైటు లోపల ఉండాలి. లిథియం అయాన్ సెల్లు మాత్రం ఒక్కటే సగటున 3.6 లేదా 3.7 వోల్టులు ఇస్తుంది. ఎల్.ఇ.డి.కి ఇది సరిగ్గా సరిపోయే జోడీ. చిన్న టార్చిలైటు ఇంత వెలుగు ఇవ్వడానికి ఒక కారణం ఇదే.

ఈ సెల్లు ఎప్పటిదని అడుగుతారేమో. దీన్ని మొదట బజారులోకి తెచ్చింది జపాను దేశపు సోనీ సంస్థ, 1991లో. దానికి పునాది వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలు స్టాన్లీ విట్టింగ్‌హామ్, జాన్ గుడినఫ్, అకిరా యోషినో. వారికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మొదట వీడియో కెమెరాలలో, తరువాత ల్యాప్‌టాప్ కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో చేరిన ఈ సెల్లు చివరకు మన చేతి దీపంలోకి కూడా వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. దుకాణంలో మనం సాధారణంగా చేసే పని ఏమిటి? పాత సెల్లు తీసి చూపించి, ఇటువంటిదే ఇవ్వండి అంటాం. పొడవు, లావు సరిపోతే కొనేస్తాం. మామూలు సెల్లుల విషయంలో ఇది చెల్లింది. లిథియం సెల్లుల విషయంలో చెల్లదు. ఎందుకంటే రెండు సెల్లులు కొలతలో కవల పిల్లల్లా ఉండి, వోల్టేజిలో ఒకటి మరొక దానికి రెండింతలకు పైగా ఉండవచ్చు. గొట్టంలో పట్టినంత మాత్రాన టార్చిలైటుకు సరిపోయినట్టు కాదు. ఇదే ఈనాటి ప్రసంగపు సారాంశం.

మొదట కొలతలు తెలుసుకుందాం. లిథియం సెల్లు మీద అయిదు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది కంపెనీవారు తోచినట్టు వేసిన నంబరు కాదు, సెల్లు కొలత. మొదటి రెండు అంకెలు సెల్లు లావును మిల్లీమీటర్లలో చెబుతాయి. తరువాతి రెండు అంకెలు పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. చివర ఉండే సున్న, సెల్లు గుండ్రని గొట్టం ఆకారంలో ఉందనడానికి గుర్తుగా చెబుతారు.

రాసుకోండి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. అరచేతిలో ఇమిడే టార్చిలైట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 14500 అంటే 14 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవు. ఇది చూడడానికి అచ్చం గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లులా, అంటే ఎ.ఎ. సెల్లులా ఉంటుంది. 10440 అంటే 10 మిల్లీమీటర్ల లావు, 44 మిల్లీమీటర్ల పొడవు. ఇది టీవీ రిమోటులో వేసే సన్న సెల్లులా, అంటే ఎ.ఎ.ఎ. సెల్లులా ఉంటుంది. 16340 అంటే 16 మిల్లీమీటర్ల లావు, 34 మిల్లీమీటర్ల పొడవు. ఇది పొట్టి సెల్లు. ఇవి కాక 21700 అనే కాస్త పెద్ద సెల్లు కూడా ఉంది.

మళ్ళీ చెబుతున్నాను. 18650, 14500, 10440, 16340, 21700. మీ టార్చిలైటు మీద గాని, దాని పెట్టె మీద గాని, లోపలి కాగితంలో గాని వీటిలో ఏ సంఖ్య ఉందో చూడండి. ఆ సంఖ్యనే దుకాణంలో అడగండి. మన సరిహద్దు జిల్లాలవారికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. బళ్ళారిలో కన్నడంలో అడిగినా, కృష్ణగిరిలో తమిళంలో అడిగినా, రాయగడలో ఒడియాలో అడిగినా, సిరొంచలో మరాఠీలో అడిగినా, యానాంలో మన తెలుగులోనే అడిగినా ఆ అంకెలు మారవు.

ఇప్పుడు వోల్టేజి సంగతి. లిథియం అయాన్ సెల్లు మీద 3.6 అని గాని 3.7 అని గాని ఉంటుంది. నిండుగా చార్జి అయినప్పుడు అది 4.2 వోల్టులకు చేరుతుంది. వాడుతున్నకొద్దీ తగ్గి, 3 వోల్టుల దరిదాపుల్లో ఖాళీ అయినట్టు లెక్క. 3.2 వోల్టులు అని రాసి ఉన్న మరొక జాతి లిథియం సెల్లు కూడా ఉంది. దానిని లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లు అంటారు. దాని చార్జరు వేరు. దీనిని దానితో కలపకూడదు.

ఈ 4.2 వోల్టులను దృష్టిలో పెట్టుకుని మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది. మీ దగ్గర ఒక్క పెన్సిల్ సెల్లుతో వెలిగే చిన్న టార్చిలైటు ఉంది. అందులో 14500 చక్కగా పడుతుంది. కాని ఆ టార్చిలైటు లోపలి సర్క్యూటు ఒకటిన్నర వోల్టును పెంచడానికి చేసినది. దానికి 4.2 వోల్టులు తగిలితే పెంచవలసిన పనే ఉండదు. కరెంటు అదుపు తప్పి ఎల్.ఇ.డి. గుండా పారుతుంది. కాసేపు దీపం కళ్ళు జిగేల్‌మనేట్టు వెలుగుతుంది. తరువాత గొట్టం కాలుతుంది, ఎల్.ఇ.డి. నీలం రంగుకు తిరిగి చచ్చిపోతుంది. కొన్ని టార్చిలైట్లను రెండు రకాల సెల్లులకూ పనికివచ్చేట్టు తయారు చేస్తారు. అటువంటి వాటి మీద 14500 అన్న సంఖ్య స్పష్టంగా ఉంటుంది. ఆ సంఖ్య లేకపోతే, వేయవద్దు.

రెండవది. రెండు పెన్సిల్ సెల్లుల టార్చిలైటు. దానికి కావలసింది 3 వోల్టులు. అందులో రెండు 14500లు వేస్తే 8.4 వోల్టులు అవుతాయి. మూడు సెల్లులకు రెండు సెల్లుల బల్బు పెట్టినట్టు అన్నాం కదా, ఇది అంతకన్నా ఘోరం.

మూడవది మన సంతల్లోను, బస్టాండు దుకాణాల్లోను ఎక్కువగా కనిపించే రకం. ముందు అద్దాన్ని లాగితే వెలుగు దగ్గరకు, దూరానికి మారే టార్చిలైటు. దానితోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ బుట్ట ఇస్తారు. అందులో రిమోటు సెల్లులు మూడు పడతాయి. మూడూ కలిస్తే నాలుగున్నర వోల్టులు. ఆ బుట్టకు బదులు ఒక్క 18650 సెల్లును ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేసుకోవచ్చు. దాని 4.2 వోల్టులు ఆ నాలుగున్నరకు దగ్గరే కనుక ఇబ్బంది లేదు. కాని రిమోటు సెల్లులా ఉన్నాయి కదా అని అదే బుట్టలో మూడు 10440 లిథియం సెల్లులు వేస్తే మొత్తం 12.6 వోల్టులు అవుతుంది. దీపం మాడడంతో ఆగదు. సెల్లులు కూడా విపరీతంగా వేడెక్కుతాయి.

మరి పెన్సిల్ సెల్లుల టార్చిలైటే ఉంది, ప్రతిసారీ సెల్లులు కొని పారేయడం ఇష్టం లేదు, అప్పుడేం చేయాలి? రెండు దారులు ఉన్నాయి. ఒకటి, నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లు. దానిది 1.2 వోల్టులు. దాదాపు అన్ని పెన్సిల్ సెల్లుల టార్చిలైట్లలో నిశ్చింతగా పనిచేస్తుంది. ఇది లిథియం సెల్లు కాదు. నిప్పు భయం చాలా తక్కువ. రెండవది, ఒకటిన్నర వోల్టు అని స్పష్టంగా రాసి ఉన్న చార్జింగు లిథియం సెల్లు. దాని కడుపులో ఉండేది 3.7 వోల్టుల లిథియం సెల్లే. కాని లోపల ఒక బుల్లి సర్క్యూటు ఉండి, బయటకు ఒకటిన్నర వోల్టు మాత్రమే ఇస్తుంది. కొన్నింటికి చార్జింగు తీగ పెట్టే రంధ్రం సెల్లుకే ఉంటుంది, కొన్నింటికి కంపెనీవారి ప్రత్యేకమైన చార్జరు ఉంటుంది. ఈ సెల్లుతో ఒక చిక్కు ఉంది. చివరిదాకా ఒకే రీతిగా వెలిగి, ఉన్నట్టుండి ఆరిపోతుంది. మామూలు సెల్లులాగా కొంచెం కొంచెంగా మసకబారి హెచ్చరించదు. చేలకు వెళ్ళేవారు ఈ సంగతి తెలుసుకుని వాడుకోవాలి.

ఇక్కడే మరొక జాగ్రత్త చెప్పాలి. లిథియం అన్న పేరు కనబడితే చాలు, చార్జి చేయవచ్చు అనుకోకూడదు. ఒకటిన్నర వోల్టు లిథియం సెల్లులలోనూ, కెమెరాల్లో వాడే 3 వోల్టుల పొట్టి సెల్లులలోనూ ఒక్కసారి వాడి తీసేసే రకాలు ఉన్నాయి. వాటిని చార్జరులో పెడితే పగిలి మండే ప్రమాదం ఉంది. చార్జి చేయదగినది అన్న మాట సెల్లు మీద ఉంటేనే చార్జరులో పెట్టండి.

తరువాతి విషయం సెల్లు కొసల గురించి, పొడవు గురించి. 18650 అంటే 65 మిల్లీమీటర్లు అన్నాను. కాని అదే పేరుతో 68, 70 మిల్లీమీటర్ల పొడవున్న సెల్లులు కూడా దొరుకుతాయి. అది మోసం కాదు. వాటి అడుగున కాపలాదారు లాంటి చిన్న సర్క్యూటు బిళ్ళ అతికించి ఉంటుంది. చార్జింగు మితిమీరినా, సెల్లు మరీ ఖాళీ అయినా, ప్లస్సు, మైనస్సు తగులుకున్నా ఆ బిళ్ళ కరెంటును తెంచివేస్తుంది. వీటినే ప్రొటెక్టెడ్ సెల్లులు అంటారు. కొత్తగా లిథియం వాడేవారికి, పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది ఈ రకమే. అయితే కొన్ని టార్చిలైటు గొట్టాలు ఈ పొడవైన సెల్లుకు చాలవు. బలవంతంగా మూత బిగిస్తే సెల్లు కొస నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన సెల్లు ప్రమాదకరమైన సెల్లు.

ప్లస్సు కొస కూడా చూడండి. కొన్నింటికి గుండీలాగా పైకి లేచి ఉంటుంది. కొన్నింటికి చదునుగా ఉంటుంది. కొన్ని టార్చిలైట్లలో చదును కొస లోపలి రేకుకు అందదు. అందలేదని మన వాళ్ళు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి పెడుతుంటారు. కొందరు చిన్న అయస్కాంతం ముక్క పెడతారు. పాత టార్చిలైటులో అది చెల్లిందేమో గాని లిథియం సెల్లుతో పనికిరాదు. ఆ కాగితం లేదా అయస్కాంతం పక్కకు జారి సెల్లు అంచుకు తగిలిందంటే ప్లస్సు, మైనస్సు కలిసిపోతాయి. ఎందుకంటే ఈ సెల్లు ఒళ్ళంతా మైనస్సే. పైన మధ్యలోని చిన్న బిళ్ళ ఒక్కటే ప్లస్సు. రెండింటి మధ్య ఉండేది సన్నని ఉంగరం వంటి అడ్డు, పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే.

సరిగ్గా పట్టిందని ఎలా తెలుస్తుంది? తేలికైన పరీక్ష ఒకటి చెబుతాను. సెల్లు గొట్టంలోకి తన బరువుకు తానే జారాలి. బోర్లిస్తే తానే బయటకు రావాలి. మూత మామూలు బలంతో చివరిదాకా తిరగాలి. ఊపితే గడగడ చప్పుడు రాకూడదు. ఈ నాలుగూ కుదిరితే సెల్లు కొలత కుదిరినట్టే.

ఇక శక్తి లెక్క. సెల్లు మీద ఎం.ఎ.హెచ్. అన్న అక్షరాల పక్కన ఒక సంఖ్య ఉంటుంది. అది కుండలో నీళ్ళు ఎన్ని పడతాయో చెప్పడం వంటిది. మంచి కంపెనీల 18650 సెల్లులలో ఇది సాధారణంగా 2000 నుంచి 3500 వరకు ఉంటుంది. 4000 చేరేవి అరుదు. 14500లో సుమారు 700 నుంచి 1000. 10440లో దాదాపు 350. ఇంత మాత్రమే. అయితే బజారులో 9900 అని, 12000 అని ముద్రించిన 18650లు కనిపిస్తాయి. ఆ కొలత సెల్లులో అంత శక్తి పట్టదు. శేరు పట్టే గిన్నెలో కుంచెడు బియ్యం పట్టాయంటే నమ్ముతామా? అలాగే ఇదీను. అంత పెద్ద సంఖ్య కనబడితే, ఆ సెల్లు మీద రాసిన మిగతా మాటలు కూడా నమ్మదగినవి కావని గ్రహించి అక్కడే వదిలేయండి.

తూకం కూడా చెబుతుంది. అసలైన 18650 సుమారు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. అంతకన్నా బాగా తేలికగా, 30 గ్రాములకు అటూఇటూగా ఉంటే లోపల సరుకు తక్కువని అర్థం. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ త్రాసు చాలు, తూచి చూసుకోవచ్చు.

లెక్క ఎలా ఉపయోగపడుతుందో చూడండి. మీ టార్చిలైటు 500 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది అనుకుందాం. 3000 సంఖ్య ఉన్న 18650తో అది సుమారు 6 గంటలు వెలుగుతుంది. 800 సంఖ్య ఉన్న 14500తో గంటన్నర దాటి కొద్దిసేపు మాత్రమే. కనుక రాత్రంతా కాపలా కాసేవారు చూడడానికి ముచ్చటగా ఉందని బుల్లి టార్చిలైటు కొనకూడదు. సెల్లు పెద్దదయ్యేకొద్దీ రాత్రి చిన్నదవుతుంది.

కొనేటప్పుడు మరో గుర్తు చూడండి. మన దేశంలో అమ్మే ఇటువంటి సెల్లుల మీద భారత ప్రమాణాల సంస్థ, అంటే బి.ఐ.ఎస్. ముద్ర ఉండాలి. ముద్రతోపాటు ఐ.ఎస్. 16046 అన్న ప్రమాణపు సంఖ్య, ఆర్ అన్న ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. స్మార్ట్ ఫోను ఉన్నవారు బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నమోదు సంఖ్య కొట్టి, అది ఎవరి పేరున ఉందో చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వారికి ఇది రెండు నిమిషాల పని.

చవకగా వస్తున్నాయి కదా అని, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి పీకి, కొత్త ప్లాస్టిక్ పొర తొడిగిన సెల్లులను కొనవద్దు. పైకి కొత్త చొక్కా, లోపల ముసలి ఒళ్ళు. లిథియం సెల్లు సుమారు 300 నుంచి 500 సార్లు చార్జి అయ్యేసరికి బలం తగ్గుతుంది. పీకిన సెల్లు అప్పటికే ఎన్నిసార్లు చార్జి అయిందో, ఎంత ఎండలో ఉందో, ఎన్నిసార్లు కింద పడిందో అమ్మేవాడికి కూడా తెలియదు. ఈ కారణం చేతనే, మొత్తంగా మూసివేసిన టార్చిలైటు కన్నా సెల్లు మార్చుకునే వీలున్న టార్చిలైటు మేలు. సెల్లు ఆయువు తీరినా దీపం మిగులుతుంది.

ఒకటి కన్నా ఎక్కువ లిథియం సెల్లులు వరుసగా వేసే టార్చిలైటు జోలికి కొత్తవారు పోకపోవడం మంచిది. ఒక సెల్లు కొత్తది, ఒకటి పాతది అయితే పాతది ముందు ఖాళీ అవుతుంది. కొత్తది దాని గుండా కరెంటును బలవంతంగా తోస్తుంది. అప్పుడు ఆ పాత సెల్లు లోపల చెడి, వేడెక్కి, ఆవిరి కక్కవచ్చు. కాడికి రెండు ఎద్దులు సమంగా ఉండాలన్నట్టు, ఇక్కడ కూడా ఒకే రకం, ఒకే వయసు, ఒకే చార్జి ఉన్న జతే వేయాలి. ఒక్క సెల్లు టార్చిలైటుకు ఈ బాధ లేదు.

సెల్లు ఎంపిక ఎంత ముఖ్యమో చార్జరు ఎంపిక అంత ముఖ్యం. లిథియం అయాన్ సెల్లుకు 4.2 వోల్టుల దగ్గర తానే ఆగిపోయే చార్జరు కావాలి. నికెల్ సెల్లుల చార్జరు దీనికి పనికిరాదు. రెండింటికీ పనికివచ్చే చార్జరైతే ఆ మాట దాని మీద రాసి ఉంటుంది. చార్జరు ఇచ్చే కరెంటు సెల్లు సంఖ్యలో సగానికి మించకుండా చూసుకోవడం క్షేమం. 3000 సంఖ్య ఉన్న 18650కి 1000 మిల్లీ ఆంపియర్ల చార్జరు హాయిగా సరిపోతుంది. అదే చార్జరులో 350 సంఖ్య ఉన్న 10440 పెడితే పసిపిల్లకు పెద్దవాడి భోజనం కుక్కినట్టే.

చార్జి పెట్టే చోటు కూడా ముఖ్యమే. పరుపు మీద, దిండు పక్కన, గడ్డివాము దగ్గర వద్దు. షాబాదు బండ మీద గాని, సిమెంటు గచ్చు మీద గాని పెట్టండి. పడుకునేముందు పెట్టి తెల్లవారి తీద్దామనుకోకుండా, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఈ సెల్లులను చార్జి చేయకూడదు. చంద్రపూరు ఎండలు మనకు తెలియనివి కావు. రాయచూరు, బళ్ళారి వేసవి కూడా తక్కువది కాదు. కనుక ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కొట్టంలో చార్జి పెట్టడం మానేసి, తెల్లవారుజామున పెట్టుకోండి. ఎండలో నిలిపిన జీపులో, ట్రాక్టరు పెట్టెలో సెల్లులు వదిలేయకండి.

విడి సెల్లును తాళం చెవులతోను, చిల్లర డబ్బులతోను కలిపి జేబులో వేసుకోకండి. ఒక నాణెం అటూఇటూ తగిలినా క్షణాల్లో జేబు కాలుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బా వాడండి. సెల్లు మీది పొర చిరిగితే, సెల్లు నొక్కుకుపోతే, తీయని ఘాటు వాసన వస్తే, వాడకుండానే వేడెక్కితే, ఇక దానిమీద ఆశ వదులుకోండి. చార్జింగులో పొగ వస్తే మెయిన్ స్విచ్చి ఆపి, అందరినీ బయటకు పంపండి. ఆ పొగ విషపూరితమైనది, దగ్గరకు పోయి పీల్చకూడదు.

నెలల తరబడి వాడకుండా ఉంచేటప్పుడు నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు. సగం చార్జితో చల్లని, పొడి చోట ఉంచండి. అయితే తుపానుల కాలంలో తీరప్రాంతంవారు వాతావరణ హెచ్చరిక వినగానే నిండుగా చార్జి చేసుకోవాలి. అప్పుడు సెల్లు ఆయువు కన్నా మన అవసరం ముఖ్యం.

పాడైన సెల్లును ఏం చేయాలి? 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమావళి ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద ఉంది. కొన్న దుకాణంలో అడగండి. అంతవరకు రెండు కొసలకూ టేపు అతికించి విడిగా ఉంచండి. మన ఊళ్ళలో చెత్త కుప్పకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఆ కుప్పలో లిథియం సెల్లు ఉంటే తుపాకి పేలినట్టు పేలుతుంది. పక్కనే పిల్లలు ఆడుకుంటూ ఉంటారని మరచిపోకండి.

ఇంతవరకు చెప్పినదంతా అయిదు ప్రశ్నలుగా కూర్చి చెబుతాను. దుకాణం మెట్టు ఎక్కేముందు వీటిని తలచుకోండి. ఒకటి, నా టార్చిలైటు మీద ఏ అయిదంకెల సంఖ్య ఉంది? రెండు, ఆ టార్చిలైటు ఎన్ని వోల్టులకు చేసినది, ఈ సెల్లు ఎన్ని వోల్టులు ఇస్తుంది? మూడు, కాపలా సర్క్యూటుతో కలిపి పొడవు, కొస ఆకారం నా గొట్టానికి కుదురుతాయా? నాలుగు, సెల్లు మీది శక్తి సంఖ్య నమ్మదగినదేనా, బి.ఐ.ఎస్. ముద్ర ఉందా? అయిదు, దీనికి తగిన చార్జరు నా దగ్గర ఉందా? అయిదింటికీ సమాధానం దొరికితే కొనండి. ఒక్కదానికి దొరకకపోయినా, ఆ రోజుకు మామూలు పెన్సిల్ సెల్లులతో గడిపి, మరునాడు విచారించి కొనండి.

ఎక్కువమందికి ఏది మంచిదని అడిగితే నా సలహా ఇది. పొలానికి, కాపలాకు, తుపాను రోజులకు ఒక్క 18650తో పనిచేసే టార్చిలైటు, ప్రొటెక్టెడ్ సెల్లు ఒకటి, అటువంటిదే మరొకటి డబ్బాలో అదనంగా. ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు తీసి వాడే దీపానికి నికెల్ పెన్సిల్ సెల్లుల టార్చిలైటు. జేబులో వేసుకునే బుల్లి దీపం మీద 14500 అని రాసి ఉంటేనే ఆ లిథియం సెల్లు.

పాతకాలంలో దీపంలో ఏ నూనె పోయాలో మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. ఆముదం పోసే ప్రమిదలో కిరసనాయిలు పోసేవారు కాదు. దీపం మారింది, చమురు మారింది. ఏ దీపానికి ఏ చమురో తెలుసుకోవలసిన అవసరం మాత్రం అలాగే ఉంది. మీ దీపానికి తగిన సెల్లునే వేసుకుని, చీకటిలో క్షేమంగా వెళ్ళి, క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.